నల్లబిళ్ళ పట్టిచ్చిన ఎరుపు

గచ్చిబౌలి, హైదరాబాదు.
మార్గశిరం, ఆదివారం పొద్దున.

అన్నకు,

చెల్లెలు శారద నమస్కారం పెట్టి రాసేది. నేనిక్కడ బాగానే ఉన్నాను. పోయిన నెల పట్టుకున్న జలుబు వదిలింది. నువ్వు, వదిన, పిల్లలు, నాన్న అందరూ బాగున్నారనే అనుకుంటున్నాను. అమ్మ సంగతి మాత్రం ఊరికే అనుకుని కూర్చోలేకపోతున్నాను. నొసటి మీద దురద తగ్గిందా? చర్మం డాక్టరు పూతమందు ఇచ్చాడనీ, అమ్మ ఆ మందు రాసుకుని దాని మీదే మళ్ళీ బొట్టు పెట్టుకుంటోందనీ, చెబితే వినడం లేదనీ పోయిన వారం రాశావు. ఆ ఉత్తరం చాలాసార్లు చదువుకున్నాను.

ఒక మాట ముందే చెబుతున్నాను. నా ఉత్తరం వస్తే నువ్వు అంగడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, నడవలో కూర్చుని అందరికీ పైకి చదువుతావు. నాన్న మధ్యలో ఆపి రెండోసారి చదవమంటాడు. ఈసారి అట్లా వద్దు. ముందు నువ్వొక్కడివే చదువుకో. ఇందులో మన కుంకుమ సంగతి ఉంది. అమ్మకు ఏం చెప్పాలో, ఎట్లా చెప్పాలో ఆ తర్వాత ఆలోచించు.

ముందు నా సంగతులు రాస్తాను. నువ్వు అడిగినవన్నీ చెప్పకుండా అసలు విషయానికి పోతే, కోపంగా రాశాననుకుంటావు. కోపం లేదని కాదు. వచ్చింది, చాలావరకు పోయింది.

చలి మొదలైంది. పొద్దున హాస్టలు నుంచి ల్యాబుకు నడిచే దారిలో బండల మీదుగా వచ్చే గాలికి చెవులు నొప్పి పుడతాయి. వదిన అల్లిన మఫ్లరు కట్టుకుని పోతున్నాను, చూసినవాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోనీ. మాదాపూరు వైపు హైటెక్ సిటీ అని అద్దాల మేడ లేచింది. ఇంకా ఎన్నో లేస్తాయంటున్నారు. మా ప్రహరీ అవతల కూడా రోడ్డు కోసం రాళ్ళు పేలుస్తున్నారు. పేల్చే ముందు ఈల వేస్తారు. ఈల వినబడగానే మేం తూకం ఆపేసి చేతులు కట్టుకుని నిలబడతాం. మా త్రాసు ఎంత సున్నితమంటే, అక్కడ రాయి పగిలితే ఇక్కడ అంకెలు గంతులేస్తాయి. తర్వాత కిటికీలన్నీ మూసి, బల్లల మీద దుమ్ము తుడిచి మళ్ళీ మొదలుపెడతాం.

తిండి సంగతి మామూలే. మెస్సులో అన్నం, పప్పు, నీళ్ళ సాంబారు. ఆ సాంబారులో బెల్లం ఎందుకు వేస్తారో ఇన్నాళ్ళయినా నాకు అర్థం కాలేదు. లింగంపల్లి స్టేషను దగ్గర ఒకామె జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. అమ్మ రొట్టె అంత వెడల్పు లేదు గాని, వేడిగా ఉన్నప్పుడు తింటే తేడా అంతగా తెలియదు. ఈసారి ఎవరైనా ఇటు వస్తుంటే శెనక్కాయల పొడి పంపు. కారం తగ్గించమని వదినకు చెప్పొద్దు.

ఒంటరిగా ఉందా అని అడిగావు. ఆదివారం మధ్యాహ్నం ఉంటుంది. మిగతా రోజుల్లో అంత తీరిక లేదు. నా గదిలో ఉండే మాధవి కరీంనగర్ జిల్లా పిల్ల. తనూ ఫిజిక్సే, కానీ సాయంత్రం అమీర్‌పేట పోయి కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటోంది. నన్ను చూసి రోజూ ఒకటే మాట. "ఏందే శారదా, గా నల్లరాయి నూరుకుంటనే ముసల్దానివైతవా ఏంది? జర కంప్యూటర్ నేర్సుకోవే, సక్కగ నౌకరి దొరుకుతది." మంచి పిల్ల. నాకు జ్వరమొస్తే రాత్రి కంచం గదికి తెచ్చి పెట్టింది.

ఆ నల్లరాయి గురించి నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. నువ్వు అడిగినప్పుడల్లా "అయస్కాంతం పని" అని తప్పించుకున్నాను. ఈసారి చెబితే గాని మిగతాది నీకు అర్థం కాదు.

మేం మూడు పొడులు తీసుకుంటాం. ఒకటి మాంగనీసుది, ఒకటి లాంథనం అనే లోహానిది, మూడోది ఉత్త సున్నపుపొడి. తూచి, చిన్న రాతి కల్వంలో వేసి గంటల తరబడి నూరి, ఫర్నేసులో కాలుస్తాం. తీసి మళ్ళీ నూరి మళ్ళీ కాలుస్తాం. చివరికి మాత్రల్లాగా అచ్చులో ఒత్తి బిళ్ళలు చేసి ఇంకోసారి కాలుస్తాం. బొగ్గులాంటి నల్లటి బిళ్ళ వస్తుంది. మామూలు వేడిలో దానికి అయస్కాంతం అంటదు, కరెంటు కూడా కష్టంగా పోతుంది. అదే బిళ్ళను ఫ్రిజ్జులో ఐసు కట్టే అరంత చల్లబరిస్తే, ఉన్నట్టుండి అయస్కాంతానికి అంటుకుంటుంది, కరెంటు కూడా లోహంలో పోయినట్టు పోతుంది. పైకి చూస్తే ఏ మార్పూ ఉండదు. నీళ్ళు గడ్డకడితే కళ్ళకు కనబడుతుంది. ఇది మాత్రం తీగలు అంటించి కొలిస్తేనే తెలుస్తుంది.

ఎందుకు మారుతుందంటే, ఆ బిళ్ళలో మాంగనీసు రెండు రకాలుగా ఉంటుంది. కొన్ని పరమాణువులు మూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్నవి, కొన్ని నాలుగు. వీధిలో ఎదురెదురు ఇళ్ళ మధ్య చేబదులు నడిచినట్టు, ఒకదాని దగ్గరున్న ఎలక్ట్రాను పక్కదానికి పోతూ ఉంటుంది. కానీ ఒక షరతు ఉంది. ప్రతి పరమాణువూ ఒక చిన్న అయస్కాంతమే, పక్కపక్క రెండూ ఒకే దిక్కు చూస్తుంటేనే చేబదులు సాఫీగా నడుస్తుంది. వేడిలో తలో దిక్కు చూస్తుంటాయి. చల్లబడితే అన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి, అప్పుడు వీధంతా తలుపులు తెరిచినట్టే. బయటి నుంచి పెద్ద అయస్కాంతం చూపించినా కొంత అట్లాగే తిరుగుతాయి, కరెంటుకు అడ్డు తగ్గుతుంది. ఆ అడ్డు ఎంత తగ్గుతుందన్న దాని మీద ఇప్పుడు ప్రపంచంలో చాలా ల్యాబుల్లో పోటీ నడుస్తోంది. కంప్యూటర్లలో పనికొస్తుందని అందరికీ ఆశ.

ఇక దసరా దగ్గరికి వస్తాను. ఇక్కడ ఆయుధపూజ బాగా చేస్తారు. మా ల్యాబులో ఫర్నేసులు చూసుకునే యాదయ్య ఈ గచ్చిబౌలి ఊరి మనిషే. ఆ రోజు ఆయనే ఫర్నేసుకు దండ వేసి, గుమ్మంలో గుమ్మడికాయ కొట్టాడు. బొట్లు పెట్టే పని నాకు ఇచ్చారు. నువ్వు పండక్కని పంపిన కుంకుమ పొట్లం అప్పుడే విప్పాను. పైన అమ్మ పేరుతో "రంగమ్మ కుంకుమ" అని మన అంగడి ముద్ర ఉంది. ఈసారి భలే ఎర్రగా ఉంది. అమ్మ మణికట్టు నొప్పులతో కూడా ఇంత బాగా చేసిందే అనుకుని, నలుగురికీ గొప్పగా చూపించాను. అమ్మ నేర్పినట్టే చుక్క నువ్వులనూనె వేసి తడిపి, త్రాసుకు, ఫర్నేసుకు, అచ్చుకు పెట్టాను. నా కల్వానికి మాత్రం దండిగా పెట్టాను. అంచు మీద నాలుగు దిక్కులా నాలుగు, రోకలి నెత్తిన ఒకటి. ఎంతైనా నా అన్నం పెట్టేది అదే కదా.

మరుసటి రోజు నూరడానికి కూర్చుని, ఆ బొట్లు తుడుద్దామని దూది తీశాను. యాదయ్య చూసి, "వద్దు బిడ్డా, పూజల పెట్టిన బొట్టు తుడ్వొద్దు. అదే పోవాలె" అన్నాడు. ఆయన అన్నాడని కాదు, అమ్మ మాట కూడా అదే. మన ఇంట్లో రోకలికి, తక్కెడకు పెట్టిన బొట్టు ఎవరైనా తుడిచారా ఎప్పుడైనా? పైగా బొట్లున్నది అంచు మీద, పొడి ఉండేది అడుగున. దూది పక్కన పెట్టేశాను. ఎమ్మెస్సీ చదివినదాన్ని, కల్వాన్ని ఆమ్లంతో కడిగి గాని వాడకూడదని నా కింద చదివేవాళ్ళకు నేనే చెబుతాను. ఆ రోజు నాకు అది గుర్తు రాలేదు అంటే అబద్ధం. గుర్తొచ్చింది, ఆయుధపూజ బొట్టును ఆమ్లంతో కడగడానికి మనసొప్పలేదు.

ఆ నూరుడులో చేసిన బిళ్ళ విచిత్రంగా వచ్చింది. మామూలుగా మారాల్సిన చలి దగ్గర మారలేదు. ఇంకా ఇరవై డిగ్రీలు చల్లబరిస్తే గాని దారికి రాలేదు. కానీ అయస్కాంతం చూపిస్తే కరెంటుకు అడ్డు తగ్గడం మాత్రం మేం అంతకు ముందు చూసిన దానికంటే చాలా ఎక్కువ. మా సారు ఆ గీత చూసి కుర్చీలోంచి లేచాడు. సారు గోదావరి జిల్లా మనిషి, తొందరగా పొగడడు. "ఏమ్మా, ఏం చేశావు దీనికి? పొయ్యి మార్చావా?" అన్నాడు. లేదు సార్, ఎక్కువసేపు నూరానంతే అన్నాను. నిజంగానే అట్లా అనుకున్నాను. మెత్తగా నూరితే ఈ గుణం వస్తుందని సారు ఒక పేజీ రాసి, ఈ నెలాఖరున జరిగే సభకు పంపాడు. పైన నా పేరు ముందు, సారు పేరు తర్వాత. దీపావళికి ఫోన్ చేసినప్పుడు నాన్నతో చెప్పింది దీని గురించే. అంగడికి వచ్చినవాళ్ళందరికీ నాన్న చెప్పాడని రాశావు. అది చదివి అప్పుడు సంతోషపడ్డాను.

తర్వాత అదే మళ్ళీ చేసి చూపించాలి. ఒక్క బిళ్ళను ఎవరూ నమ్మరు. రెండో బిళ్ళలో ఆ గుణం సగమే వచ్చింది. ఇంకా ఎక్కువసేపు నూరి మూడోది చేశాను, భుజం పట్టేసింది. అందులో అసలే లేదు. పుస్తకంలో ఉన్నట్టే, బుద్ధిగా, మారాల్సిన చోట మారింది. నూరితే వచ్చే గుణమైతే నూరేకొద్దీ పోతుందా? సారు రోజూ వచ్చి బల్ల దగ్గర నిలబడి కొత్త గీత చూసి పోయేవాడు. నాన్న అంగడిలో చెప్పుకున్న మాట గుర్తొచ్చి నాకు చాలా సిగ్గేసేది.

అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. మంచం మీద కూర్చుని అమ్మ నొసటి సంగతి మాధవికి చెబుతున్నాను. తను టక్కున, "అగో, నాక్గూడ గట్లనే అయిందే! నువ్విచ్చిన కుంకుమ పెట్టుకున్న కాంచి నొసలంత ఒకటే గోకుడు. నువ్వేమనుకుంటవో అని చెప్పలె, స్టిక్కర్ పెట్టుకుంటున్న" అంది. తను అడిగితే దసరాకు నేనే కొంచెం పొట్లం కట్టి ఇచ్చాను. నేను మాత్రం ఇక్కడికి వచ్చినప్పటి నుంచి స్టిక్కరే పెట్టుకుంటున్నాను, అమ్మకు చెప్పొద్దు.

ఆ కుంకుమే కల్వానికీ పెట్టానని తట్టింది. నేను లేచి ల్యాబుకు పోయి కల్వం చూశాను. అంచు మీద బొట్లు లేవు. రోకలి నెత్తిన లేదు. ఎవరూ తుడవలేదు, యాదయ్య చెప్పినట్టు వాటంతట అవే పోయాయి. ఎక్కడికి పోయాయో అప్పుడు నాకు అర్థమైంది. గంటల తరబడి ఆ రోకలి పట్టుకుని తిప్పింది నేనే. మొదటి బిళ్ళ నూరినప్పుడు బొట్లు దట్టంగా ఉన్నాయి. రెండోసారికి మరకలు మిగిలాయి. మూడోసారికి కల్వం శుభ్రం.

అయినా పసుపు, నిమ్మరసం, పటిక, వెలిగారం కలిపి చేసే కుంకుమ ఫర్నేసు వేడికి కాలిపోయి చిటికెడు బూడిద మిగులుతుంది, అంతే. దానికి బిళ్ళ గుణం మార్చేంత బలం లేదు. అందుకని పరీక్ష పెట్టాను. నేను మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు అమ్మ తన చేత్తో నింపి ఇచ్చిన చెక్క భరిణె నా పెట్టెలో ఉంది. అందులోంచి చిటికెడు ఒక పింగాణీ గిన్నెలో వేశాను. నువ్వు పంపిన పొట్లంలోంచి చిటికెడు ఇంకో గిన్నెలో వేశాను. రెండూ పక్కపక్కన పెట్టి కాల్చాను. అమ్మది మొదట పసుపు కమ్మటి వాసన వేసింది, నల్లబడింది, చివరికి తెల్లటి బూడిద అయింది. నువ్వు పంపింది ఎంత కాల్చినా ఎర్రగానే ఉంది. చల్లారాక వేలితో నలిపితే మన్ను. ఇనుము తుప్పుతో ఎరుపెక్కిన మన్ను, అన్నా. రసాయన శాఖలో తెలిసినామెతో నా బిళ్ళలు కరిగించి పరీక్ష చేయించాను. మొదటి బిళ్ళలో ఇనుముంది, రెండోదానిలో కొంచెం, మూడోదానిలో లేదు.

ఇనుము ఆ బిళ్ళలో మాంగనీసు ఇంట్లో దూరి కూర్చుంటుంది. చూడడానికి అదే సైజు, కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ చేబదులు ఇవ్వదు, తీసుకోదు, తలుపు మూసుకుంటుంది. వందలో ఒక ఇల్లు అట్లా అయినా చాలు, వీధి తీరు మారిపోతుంది. నేను కనుక్కున్న గొప్ప గుణం అదే. పైగా అది కొత్తది కూడా కాదు. తెలిసే ఇనుము కలిపి, ఆ గుణం ఎట్లా మారుతుందో వేరే దేశాల వాళ్ళు ఇదివరకే రాసేశారట.

శుక్రవారం మధ్యాహ్నం మా ల్యాబు వాళ్ళందరం కూర్చుని మాట్లాడుకుంటాం. అక్కడ చెప్పాను. సారు మొదట నమ్మలేదు. "అచ్చు స్టీలుది కదమ్మా. దాన్నుంచి వచ్చిందేమో చూశావా?"

"చూశాను సార్. మూడు బిళ్ళలకీ అచ్చు ఒకటే. పూజ కుంకుమ సార్."

వెనక ఎవరో నవ్వారు. సారు నవ్వలేదు. "కుంకుమలో ఇనుమేంటమ్మా? పసుపు కదా అది."

"మంచి కుంకుమలో ఉండదు సార్."

"మరిదెక్కడిది?"

బజారుదని అనొచ్చు. హైదరాబాదులో బజార్లకేం తక్కువ? ఎవరూ అడగరు కూడా. కానీ ఆ పొట్లం నలుగురికీ చూపించి గొప్పలు పోయింది నేనే. "మా ఇంటిది సార్. మా అమ్మ పేరుతో అమ్ముతాం" అన్నాను. సారు కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. "సరే. సభ వాళ్ళకి రాసి వెనక్కి తీసుకుందాం. కల్వం ఆమ్లంతో కడుగు. వచ్చే దసరాకి బొట్టు గోడకి పెట్టుకోండి" అన్నాడు. అంతటితో అయిపోయింది. తర్వాత టీ తాగాం. సారు నన్ను ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేదనిపించింది. నా చదువుకేమీ ఢోకా లేదు, కొంచెం ఆలస్యమవుతుందంతే. నాన్నకు ఆ సంగతి నేనే ఫోన్‌లో చెబుతాను, నువ్వు శ్రమ పడొద్దు.

ఇక నీ సంగతి. నువ్వు దొంగవని నేననడం లేదు. ఏం జరిగి ఉంటుందో నేను ఊహించగలను. అమ్మ చేతులు పని చేయడం లేదు. దసరా, ఆ వెంటనే పెళ్ళిళ్ళు. అడిగినవాళ్ళకు లేదనడం నీకు చేతకాదు. ఎవరో తయారుగా ఉన్న సరుకు తెచ్చి చూపించి ఉంటారు. నిన్ను కూడా మోసం చేశారేమో. కానీ ఉగాదికి నేను వచ్చినప్పుడు గల్లాపెట్టె దగ్గర నువ్వన్న మాట నాకు గుర్తుంది. "అమ్మ చేసేది నల్లగుంటాది మే. జనాలకు ఎర్రగుంటేనే నచ్చుతాది." ఆ రోజు ఊరికే అన్నావనుకున్నాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గాని, ఈ నల్లబిళ్ళ పట్టేసింది. ఈ మాట నవ్వించడానికే రాశాను, నవ్వు రాకపోతే వదిలెయ్.

నా మాట నమ్మొద్దు, నువ్వే చూసుకో. స్టీలు గరిటెలో చిటికెడు వేసి పొయ్యి మీద పెట్టు. నల్లబడినా తీయకు, ఇంకా కాల్చు. ఎరుపు మిగిలితే మన్ను. మన్ను వల్లే దురద వస్తుందని నేననను, ఎర్రమన్ను గోడలకు పూసుకుంటాం, ఏమీ కాదు. కానీ మన్ను కలిపినవాడు దాన్ని మెరిపించడానికి ఏ రంగు కలిపాడో ఎవరికి తెలుసు? డాక్టరు మందు కింద, ఆ బొట్టు మందు మీద. అమ్మ రోజూ తన పేరున్న పొట్లంలోంచే తీసి పెట్టుకుంటోంది. తన చేత్తో చేసింది కాదని అమ్మకు తెలుసా, అన్నా? తెలియదనుకుంటాను. తెలిస్తే పెట్టుకోదు. అంగడికి వచ్చి రంగమ్మ కుంకుమే కావాలని అడిగే ఆడవాళ్ళకు కూడా తెలియదు.

నాకు కోపం వచ్చింది కుంకుమ కల్తీ అయినందుకు కాదు. నొసటి మీద దురద అని నువ్వే రాశావు, డాక్టరు దగ్గరికి నువ్వే తీసుకుపోయావు, బొట్టు మానదని నవ్వుతూ నువ్వే రాశావు. ఆ పొట్లం మీద ఒక్కసారి కూడా నీకు అనుమానం రాలేదా? ఈ మాట రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి రాశాను. ఇంకెప్పుడూ రాయను.

నాన్న ఉదయం నడక మానొద్దని చెప్పు, కానీ చలిలో తలకు గుడ్డ కట్టుకోమను. వదినను అడిగానని చెప్పు. చిన్నవాడు లెక్కల్లో వెనకబడ్డాడని రాశావు, సెలవుల్లో వస్తే కూర్చోబెడతాను. నువ్వు వేళకు తిను. నీ మీద ప్రేమ తగ్గిందని మాత్రం అనుకోకు, తగ్గి ఉంటే ఈ ఉత్తరం ఇంత పొడుగు రాదు.

ఈ కవరులో చిన్న పొట్లం ఉంది, చూశావా? పరీక్షకు చిటికెడు తీయగా నా భరిణెలో మిగిలిన అమ్మ కుంకుమ మొత్తం అదే. నలుపు కలిసిన ఎరుపు, జనాలకు నచ్చనిది. జాగ్రత్తగా పెట్టుకుంటే సంక్రాంతి దాకా అమ్మ నొసటికి సరిపోతుంది. అంతలో వదిన నేర్చుకుంటే దంచడం ఏమంత కష్టం కాదు, నేనొచ్చినప్పుడు నేనూ దంచుతాను.

పొట్లం నువ్వే అమ్మ చేతికివ్వు. విప్పగానే తను చేసిందేనని వాసన పట్టేస్తుంది. ఇంట్లో ఇంత కుంకుమ పెట్టుకుని హైదరాబాదు నుంచి ఇదెందుకు పంపిందిరా అని అడుగుతుంది. అమ్మకు నేను రాయనిది నువ్వు అప్పుడు చెప్పు.

అమ్మానాన్నల కాళ్ళకు నా మొక్కులు. నన్ను చల్లగా ఉండమని దీవించమను.

నీ చెల్లెలు,
శారద